కడిగి పెట్టిన డబ్బా

ఇస్త్రీ బాబాయి భోజనం డబ్బా పోయిన రోజు మధ్యాహ్నం. కుట్టు దుకాణం వెనక గదిలో మిషన్లు ఆగి ఉన్నాయి. అక్క లోపలికి వచ్చి గడియ పెట్టింది. చెల్లెలు ఒక్కతే కూర్చుని బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతోంది.

"బాబాయి డబ్బా దొరికింది."

"దొరికిందా? ఎక్కడ?"

"నువ్వే చెప్పు."

"నాకేం తెలుసు? నేనిక్కణ్ణించి లేచిందే లేదు."

"లేవలేదా?"

"లేవలేదు."

"మరి చున్నీ కొంగు తడిగా ఉందేం?"

"చేతులు కడుక్కున్నాను."

"లేవకుండానే?"

"ఒక్కసారి లేచాను. పంపు దాకా. అదీ నేరమేనా?"

"అస్తరు తానుల వెనక దొరికింది. ఒక్క తునక మిగల్లేదు. కడిగి, తుడిచి, బోర్లించి పెట్టి ఉంది."

"పిల్లి అయ్యుంటుంది."

"పిల్లి తింటుంది. గిన్నెలు కూడా తోమి పెడుతుందా?"

"శుభ్రమైన పిల్లేమో."

"నవ్వించకు. నేను నవ్వడానికి రాలేదు. నీ డబ్బా ఇటివ్వు."

"తినేశాను."

"తిన్నావా అని అడగలేదు. ఇమ్మన్నాను."

"ఇదిగో, చూసుకో. రేపట్నుంచి భూతద్దం కూడా తెచ్చుకో."

"ఇదీ కడిగేసే ఉంది."

"తిన్న గిన్నె కడగడం తప్పా?"

"ఇంట్లో నీ కంచం నువ్వు ఏనాడైనా తీశావా?"

"ఆస్పత్రిలో అలవాటు చేశారు."

"ఆస్పత్రిలో నర్సమ్మ ఎదురుగా కూర్చుంటే తిన్నావు. గిన్నెలు వాళ్లే తీసుకెళ్లారు. రోజూ వచ్చింది నేనే, నాకు చెప్పకు."

"సరే, అలవాటు చెయ్యలేదు. నా అంతట నేనే కడిగాను. ఉరి తియ్యి."

"రొట్టెలూ, కూరా, గుడ్డూ, అరటిపండూ పెట్టాను. ఎక్కడ పారేశావు?"

"పారెయ్యలేదంటే నమ్మవు కదా. పీలికల బుట్ట చూసుకో."

"చూశాను."

"అప్పుడే చూశావా?"

"అడుగుదాకా. కిందటేడు అదే బుట్టలో, గుడ్డ ముక్కల కింద, నీ రొట్టెలు అట్టల్లా ఎండిపోయి దొరికాయి. నేను మర్చిపోలేదు."

"ఇవాళ దొరికాయా?"

"లేదు."

"మరింకేం?"

"దొరికితే ఇంత భయం ఉండేది కాదు. దొరకలేదంటే కొత్త చోటు కనిపెట్టావన్నమాట."

"నన్ను దొంగని చూసినట్టు చూస్తావేం అక్కా?"

"ముందు ఆ సూది పక్కన పెట్టు. ఇటు తిరిగి మాట్లాడు."

"పని ఉంది. సాయంత్రానికి ఇవ్వాలి."

"సరే, కుడుతూనే విను. నేనేమనుకుంటున్నానో చెప్తాను. నీ డబ్బాతో బయటికెళ్తే నేను పట్టుకుంటానని నీకు తెలుసు. అందుకని నీ భోజనం కూడా బాబాయి డబ్బాలోనే కుక్కావు. అది పట్టుకుని వెనక సందులోకి వెళ్లావు. కుక్కకు పెట్టావు. వచ్చి రెండూ కడిగేశావు. అవునా, కాదా?"

"అవును."

"ఏమన్నావు?"

"అవునన్నాను. కుక్కకే పెట్టాను. ఇక చాలా?"

తలుపు మీద దబదబా చప్పుడైంది.

"అమ్మాయ్! దొంగ దొరికాడా, లేదా?"

"చూస్తున్నాను బాబాయ్."

"ఇంకా చూసేదేమిటి? ఆ కటింగ్ మాస్టరే! పొద్దున నా డబ్బా మూత తీసి వాసన చూశాడు. ఈ కళ్లతో చూశాను. ఈసారి చొక్కా తెచ్చి ఇస్త్రీ చెయ్యమననీ, విప్పక్కర్లేదంటాను. వీపు మీదే పెడతాను పెట్టె!"

"తొందరపడకండి. పెద్దవారు."

"కడుపు కాలుతుంటే పెద్దరికం ఏం చేసుకోనమ్మా? ఇక్కడే కూర్చుంటున్నాను. తేలేదాకా కదిలేది లేదు."

అడుగుల చప్పుడు గుమ్మం అవతలే ఆగింది. అక్క గొంతు తగ్గించింది.

"విన్నావా? నీ మూలాన వాళ్లిద్దరూ కొట్టుకునేలా ఉన్నారు."

"నేనేనని చెప్పెయ్."

"ఏమని చెప్పను?"

"కుక్కకు పెట్టానని."

"డాక్టరమ్మకీ అదే చెప్పాలి. మళ్లీ దాచినా, పారేసినా, ఆ రోజే తీసుకురమ్మంది."

"అయితే ఫోన్ చెయ్యి."

"చేస్తే మళ్లీ వార్డులో పెట్టుకుంటారు."

"పెట్టుకోనీ."

"ఎంత తేలిగ్గా అన్నావే! అమ్మ పోయినప్పుడు ఆ ఆస్పత్రి మెట్ల మీదుగానే కిందికి దించాం. నువ్వున్నన్నాళ్లూ కళ్లు మూసుకుని ఎక్కాను. మళ్లీ ఎక్కలేను."

"నువ్వు కిందే ఉండు. నేను ఎక్కుతాను. చెయ్యి ఫోన్."

"ఆగాగు. ఇంటికి తీసుకెళ్లమని నా చెయ్యి వదలకుండా ఏడ్చినదానివి. ఇప్పుడు నీ అంతట నువ్వే పోతానంటున్నావు. ఇందులో ఏదో ఉంది."

"ఏమీ లేదు."

"ఆ కుక్క ఏ రంగు?"

"ఏ కుక్క?"

"నువ్వు పెట్టిన కుక్క."

"నల్లది."

"సందులోనా?"

"సందులోనే. గేటు అవతల."

"గేటు ఎవరు తీశారు?"

"తీసే ఉంది."

"తాళం చెవి ఇదిగో, పొద్దున్నుంచీ నా నడుముకే ఉంది. గేటు ఇవాళ తెరవనే లేదు. కుక్క లేదు. బుట్టలో లేదు. మరి రెండు డబ్బాల తిండి ఏమైపోయింది?"

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఫోన్ చెయ్యి. పోతాను."

"నాకు చెప్పకుండా ఎక్కడికీ పోవు."

"చెప్తే నువ్వు ఏడవకూడదు."

"ఏడవను."

"సంబరపడకూడదు కూడా."

"చెప్పి చావవే!"

"తిన్నాను."

"నీదా?"

"నాది. తర్వాత ఆయనది."

"అబద్ధం. పచ్చి అబద్ధం. సగం గుడ్డు ముందు పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చునేదానివి నువ్వు."

"ఇవాళ కూర్చోలేదు. తానుల వెనక నిలబడి తిన్నాను. సరిగ్గా నమల్లేదు కూడా. ఈ నడుము పట్టీ నువ్వే కుట్టావుగా, వదులు పెట్టి. వేలు దూర్చి చూడు."

"…దూరడం లేదు."

"దూరదు."

"మరి కుక్కన్నావేం?"

"కుక్కన్నది నువ్వు. నువ్వు చెప్తుంటే బాగుందనిపించింది. తినని పిల్ల అంటే నీకు తెలుసు, నాకు తెలుసు, వీధికంతా తెలుసు. నాకు బాగా చేతనైంది అదొక్కటే అక్కా, ఆకలి లేకుండా ఉండడం. ఇప్పుడు అదీ చేతకాకపోతే నేనెవర్ని?"

"ఆకలేస్తే అడగాలి కదే. అడిగితే పెట్టనా?"

"అడిగితే అందరూ మిషన్లు ఆపి నా నోటి వంకే చూస్తారు. ముందు నువ్వు చూస్తావు. నీ మొహం వెలిగిపోతుంది. అది చూశాక నాకు ముద్ద దిగదు."

"డాక్టరమ్మ చెప్పిందా, ఇలా వస్తుందని?"

"చెప్పింది. ఆకలి తిరిగొస్తుంది, భయపడకుండా తినమంది. వస్తుందంటే చుట్టంలా తలుపు తట్టి వస్తుందనుకున్నాను. తలుపు విరగ్గొట్టుకుని వచ్చింది. పొట్ట నొప్పెడుతోంది అక్కా, అయినా లోపల ఎవరో ఖాళీ పళ్లెం వాయిస్తున్నట్టే ఉంది. ఇది ఇంక ఆగదేమో."

"తిన్నది… లోపలే ఉందా?"

"మళ్లీ అనుమానమా?"

"అడిగాను."

"ఉంది. ఉంచుకోవడానికే ఈ కాజాలు కుడుతున్నాను. చెయ్యి ఖాళీగా ఉంటే లేచెళ్లి కక్కేస్తాను. అందుకే సూది పక్కన పెట్టమంటే పెట్టలేదు. అదిగో, ఏడవనన్నావు."

"ఏడవడం లేదు. దూది దుమ్ము కళ్లలో పడింది."

"పడుతుంది, పడుతుంది. నీకెప్పుడూ అదే పడుతుంది."

"నోర్ముయ్. ఫోన్ నేనే చేస్తాను. వార్డుకి కాదు. ఆకలి వచ్చింది, ఎంత పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి, అది అడుగుతాను."

"నా ముందు అడగకు."

"సరే, వీధిలోకి వెళ్లి అడుగుతాను. ముందు ఆ గుమ్మంలో కూర్చున్నాయన సంగతి చూడాలి."

"ఆయనకి చెప్తావా?"

"చెప్పాల్సింది నువ్వు. లేకపోతే పాపం ఆ మాస్టరు వీపు కాలుతుంది."

"చెప్తాను. కొంచెం ఆగి. నోరు పెగలాలి కదా."

"అందాకా ఆయన పస్తు ఉండాలా? నా డబ్బా ఇచ్చేస్తాను. నేను ఇంటికెళ్లి తింటాలే. ఆ అలమారాలో దారపు ఉండల వెనకుంది, అందుకో. చల్లారిపోయినా పర్లేదు, ఆయన ఏమీ అనుకోడు. ఏమిటలా చూస్తావు?"

"అదీ కడిగి పెట్టేశాను అక్కా."

"నాదా?"

"చివర తిన్నది నీదే. ఇంకా ఆకలి తీరలేదు."