ప్రార్థన చీటీ

శనివారం సాయంత్రం బోధన్‌లో చర్చి ఊడ్చి మెట్ల మీద కూర్చున్న తల్లికి హైదరాబాదు నుంచి కూతురు ఫోన్ చేసింది. మందుల పరిశోధనశాలలో ఆమె శిక్షణకు చేరి రెండు నెలలైంది.

"అవ్వా, ఇయ్యాల మొదటిసారి నా చేత్తోని ఆపరేషన్ చేసిన."

"మనిషికా?"

"ఎలుకకు. కడుపు కోసి కుట్లేసిన. ఒక కుట్టు వంకర పోయింది."

"మీ బాపు కాలికి చెరుకు కత్తి తగిల్నప్పుడు డాక్టరేసిన కుట్లు గూడ వంకరనే. బతికిందా?"

"ఇంకా మత్తుల ఉన్నది. చల్లబడొద్దని రబ్బరు గ్లౌజుల ఉడుకునీళ్లు నింపి పక్కన పెట్టిన."

"రేపు ప్రార్థనల సదివిపిస్త. చీటీ మీద రాయాలె, దాని పేరేంది?"

"పేర్లు పెట్టొద్దంటరు. పద్నాలుగో నంబరు, అంతే."

"నంబరు రాస్తే పాస్టరయ్య ఎట్ల సదువుతడు? దాని తోటియి లేవా?"

"ఉన్నయి. కలిపితే కుట్లు కొరుకుతయి. పది దినాలు వేరే డబ్బల ఒక్కటే ఉండాలె."

"మరి నీ తోటోళ్లు?"

"అందరు పోయిండ్రు. ఉన్నా గూడ నాతోని ఎవలు మాట్లాడరు."

"తిన్నవా?"

"ఇది లేసినంక తింట."

తల్లి ఫోను మెట్టు మీద పెట్టి చీటీ తీసింది.

"అవ్వా, ఉన్నవా?"

"ఉన్న. చీటీ రాస్తున్న."

"నంబరే రాసినవా?"

"నీ పేరు రాసిన."

"నాకేమైందవ్వా?"

"ఏం కాలే, బిడ్డ. అక్కడ పేరున్నదానివి నువ్వొక్కదానివే గద."