నక్కకు ఎరుపు, ఎలుగుబంటికి నీలం

బల్గేరియాలో, ప్లోవ్‌దివ్ నగరంలోని పిల్లల బొమ్మలాట థియేటర్‌లో మధ్యాహ్నం ఆట ముగిసింది. తెర వెనుక బొమ్మలాడించే అక్క, ఆమె వాడే నోట్స్ యాప్‌ను తయారుచేసిన తమ్ముడు మిగిలారు.

“పిల్లలు అంతలా నవ్వారేంటక్కా?”

“నక్క మాటలు ఎలుగుబంటి గొంతుతో చదివేశాను. నవ్వరా మరి?”

“మాటలన్నీ నీ ఫోన్‌లోనే ఉంటాయిగా?”

“ఉన్నాయి. కొత్త నాటకం కదా, నోటికి రాలేదింకా. నక్కకి ఎరుపు, ఎలుగుబంటికి నీలం పెట్టుకున్నాను. ఇవాళ తెరిస్తే అంతా నలుపే. మధ్యమధ్యలో ఈ స్టార్ గుర్తులేంట్రా?”

“నిన్న యాప్ మార్చాం. అన్నీ మామూలు అక్షరాల్లోకి తెచ్చేశాం. బోల్డ్ అక్షరాలని తెలియడానికి వాటి పక్కన స్టార్లొస్తాయి. రంగుకి అలాంటి గుర్తేమీ లేదు, అందుకే పోయిందక్కా.”

“లేకపోతే రంగులు ఉంచేయొచ్చుగా?”

“రంగులు ఉత్త సోకు, ఎవరికీ అక్కర్లేదని నేనే పట్టుబట్టి తీయించాను.”

“బాగుంది. నా సోకుతో పాటు నా వేషమూ పోయింది. రేపట్నుంచి నా బొమ్మల్ని ఇక్కడే పనిచేసే రుమ్యానా ఆడిస్తుంది.”

“అదేంటి! తప్పు నాదని డైరెక్టర్‌కి చెప్పలేదా?”

“కళ్ళజోడు మర్చిపోయానన్నాను. వయసు మీద పడిందిలే అన్నాడు.”

“ఎందుకలా చెప్పావు?”

“మా తమ్ముడు చేశాడని గొప్పగా చెప్పి, ఇక్కడ అందరి ఫోన్లలోనూ ఆ యాప్ పెట్టించింది నేనేరా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

తమ్ముడు లేచి నిలబడ్డాడు.

“లే అక్కా. నేనే వెళ్ళి చెప్తాను.”

“ఇప్పుడొద్దు, డైరెక్టర్ గదిలో రుమ్యానా, మిగతా బొమ్మలాడించేవాళ్ళంతా ఉన్నారు.”

“ఉండనీ. వాళ్ళందరి ముందే చెప్పాలి.”