షాలిమార్ ఎల్లమన్న మాట

"మామ్మా, దేవుడు నీతో మాటాడేడంటావు కదా, ఆ గొంతు ఎలాగుంటాది?" అనడిగినావు. గొంతా? గొంతూ లేదు, గింతూ లేదమ్మా. నానూ అలాగే అనుకునీదాన్ని, ఉరుములాగుంటాదేమోనని. కూకో, సెప్తాను.

అప్పుడు నాను కార్పొరేషన్లో రోడ్లు తుడిసీదాన్ని. మీ నాన్నకి ఆరేళ్లు... కాదు, బడిలో ఏసీసినాం, ఏడు. ఎర్రజెండాలోళ్ల పెబుత్వం ఒచ్చి సానాళ్లయింది. మీ తాతకి ఒక సెల్లెలుండీది, మార్త. షాలిమార్‌లో కాపరం, ఏటికి అవతల హౌరా పక్కన. మొగుడు రైల్వేలో కళాసీ. నాకూ దానికీ రెండేళ్లు మాటల్లేవు. ఎందుకంటావా? మా అత్త పోయినాక ఆవిడ బైబిలు నాకంటే నాకని. నవ్వకు, నిజిం. ఒకర్నొకరు పేమించుకోమని రాసున్న పుస్తకం కోసరమే పీకలు పట్టుకున్నాం.

ఒకాదివారం గుడిలో కళ్లు మూసుకుని పార్దన సేస్తన్నాను. మార్త మొకం అగుపడింది. షాలిమార్ ఎల్లు, అన్నట్టు... మాట కాదది. ఎలాగ సెప్పాల? పొయ్యిమీద పాలెట్టి మర్సిపోయినప్పుడు గుండెలో ఏదో కదుల్తాది సూడు, అలాగ.

ఇంటికొచ్చీసరికి కుళాయి ఒదిలీసినారు. గంటసేపే ఒస్తాది. బిందెలట్టుకుని లైన్లో నిలబడ్డాను. తరవాత పక్కింటి బెంగాలీ వదిన, బౌది అంటాం, పిలిసింది, ఈదంతటికీ టీవీ ఆళ్లింట్లోనే. ఎల్లి సీరియలు సూసినాను. సోమారం డూటీ. మంగలారం కిరసనాయిలు లైను. బుదవారం బయల్దేరితే రోడ్డు మీద ఊరేగింపు, ట్రాములన్నీ ఆగిపోనాయి. ఎనక్కొచ్చీసినాను. ఒచ్చీసి లోలోపల సంతోసపడ్డాను, అదీ సెప్పాల మరి. దేవుడే ఆపీసినాడనుకున్నాను.

ఆ సాయంత్రమే పాస్టరయ్యగారు ఒచ్చినారు. ఇది దేవుడి మాటో, నా మనసు ఆడిస్తన్న ఆటో ఎలాగ తెలుస్తాదయ్యా, ఒక గురుతియ్యమని దేవుణ్ణి అడగనా అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టినారు.

"నీ మనసు ఆ అమ్మాయి గుమ్మం తొక్కమంటాదా, సువార్తమ్మా?"

"సచ్చినా అనదయ్యా."

"మరింక నన్నడగడం దేనికి?"

గురువారం డూటీ దిగి, సీపురు ఒప్పసెప్పీసి, ఇంటికి కూడా ఎల్లకుండా బాబూఘాటులో లాంచీ ఎక్కినాను. టిక్కెట్టు రూపాయి కూడా లేదప్పుడు. హౌరాలో దిగి బస్సు. దాని గుమ్మం కాడికెల్లినాను. తలుపు కొట్టినాను.

మార్త తీసింది. కడుపుతో ఉంది, ఎనిమిదో నెల. నాకా సంగతే తెల్దు. మొకం ఉబ్బిపోయింది, కాళ్లు సూస్తే అరటి బోదెల్లాగున్నాయి. "తలపోటు వదినా, కళ్ల ముందు మెరుపులొస్తన్నాయి" అంది. రెండేళ్ల తరవాత మొదటి మాట అదే. మొగుడు డూటీ మీద ఖరగ్‌పూర్ ఎల్లినాడంట. కడుపుతో ఉన్నోళ్లకి నీరు పడతాది, ఏటవదులే అన్నారంట ఇరుగుపొరుగోళ్లు.

నాకు మాత్రం సంగతి తెలిసిపోయింది. మీ నాన్నకంటే ముందు నాకొక బిడ్డ పోయింది కదా, అప్పుడు ఇదే పోటు, ఇవే మెరుపులు. ఆ ఈదిలో ఇది తెలిసినోళ్లు ఇంకెవరూ లేరు. సీర మార్సుకోనివ్వలేదు దాన్ని. రిక్షా ఎక్కించి సర్కారాసుపత్రికి లాక్కెల్లినాను.

డాక్టరమ్మ సూసి, ఇంకో పూట ఆగుంటే ఇద్దరూ దక్కీవోరు కాదంది. ఈ వాపు ఎప్పట్నించి అనడిగింది. ఆదివారం నించి, అంది మార్త. దాని సెయ్యి నా సేతిలోనే ఉంది. నాను మనసులో రోజులు లెక్కెట్టుకున్నాను. కోసి బిడ్డని తీసినారు. ఆడపిల్ల, రెండరసేతుల్లో పట్టీసింది. బతికింది. తల్లీ బతికింది.

ఆ ఆదివారం సంగతి మార్తకి సెప్పడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఒకనాడు అది మా ఇంటికొచ్చి సేపలు కోస్తంటే ఆగలేక సెప్పీసినాను. దేవుడు నాకు ఆదివారమే సెప్పినాడే, నాను గురువారం దాకా తాత్సారం సేసినాను, అని. తిడతాదనుకున్నాను. అది కత్తిపీట పక్కకి జరిపింది.

"నాకూ ఆదివారమే అనిపించింది వదినా, నీకు కబురెట్టమని. మీ వైపు ఎల్లీవోళ్లు రోజూ ఉన్నారు. నాను పంపినానేటి?"

అంటే ఇద్దరికీ సెప్పినాడన్నమాట. ఇద్దరం ఊరుకున్నాం. అలాటోళ్లమని తెలిసీ ఆయన ఇంకెవర్నీ ఎతుక్కోలేదెందుకో... ఇప్పటికీ ఆలోసిస్తంటాను. పైకెల్లినాక అడగాల.

సరే, లెగు తల్లీ, పొద్దుపోతంది. ఇనీ సెవులు అందరికీ ఇస్తాడాయన. ఇనగానే లెగిసీ కాళ్లు కూడా నీకియ్యాల. నాలాగ నాలుగ్రోజులు... ఎల్లిరా అమ్మా, సల్లగుండు.