తెల్ల పళ్ళెంలో మూడు తోకలు

నది ఒడ్డున గాలపు ఎరలు కట్టి అమ్మే కొట్టు, దాని వెనక గది. బల్ల మీద తెల్ల పళ్ళెం, దాని ముందు తండ్రీ కూతుళ్ళు. ఆయనకి చూపు పోయిందని ఆ పిల్లకి తప్ప ఎవరికీ తెలియదు.

"త్వరగా చెప్పవే! పళ్ళెంలో ఏముంది?"

"పురుగు, నాన్నా."

"పురుగు కాక ఏనుగుంటుందా? తోకలెన్ని?"

"మూడు."

"అయితే మేఫ్లై పిల్లే, రెక్కలొచ్చేదాకా నీళ్ళలో పెరిగే ఈగ. ఊరికే తోకలు చూసి మురిసిపోకు, రెండు తోకల మేఫ్లైలూ ఉంటాయి. పొట్టకి రెండు పక్కలా మొప్పలు ఆడుతున్నాయా?"

"ఆడుతున్నాయి."

"ఒళ్ళు?"

"పల్చగా, అణిగిపోయి ఉంది. తల వెడల్పు."

"ఉరవడి నీళ్ళలో రాయిని కరుచుకుని బతికే రకం. వీపు మీద రెక్కల బుడిపెలు?"

"నల్లబడ్డాయి."

"అబ్బ! ఇవాళే రెక్కలొచ్చి పైకి లేస్తుంది. చేపలు నోళ్ళు తెరుచుకుని కూర్చునుంటాయి. దానిలాగే కనబడేలా నల్ల ఈకతో ఎర కట్టాలి. చూశావా, నీకు కళ్ళుండి ఏం లాభం? బుర్ర ఇక్కడుంది."

"ఇవాళ చేపలు పట్టడానికొచ్చే జనాన్ని నదిలోకి నేను తీసుకెళ్తాను నాన్నా. నువ్వు ఒడ్డున కూర్చుని..."

"ఒడ్డునా? నేనా? నువ్వు సంచి మొయ్యి, చాలు."

"మొన్న ఆ పెద్దాయన్ని గుంటలోకి దింపావు. ఇంకాస్తుంటే పోయేవాడు."

"మళ్ళీ అదే పాట! అది నీ తప్పేనని అందరికీ చెప్పేశాగా."

"నా తప్పు కాదుగా."

"నాదని చెప్పి నది వదులుకోమంటావా? ఆ నది లేకపోతే నేను బతికున్నా ఒకటే, చచ్చినా ఒకటే. నోరు మూసుకో, మీ బాబాయ్ అడుగుల చప్పుడు."

"అన్నయ్యా, ఏమీ అనుకోకు. నిన్న గోడకి తగిలించిన నా కోటుతో కబుర్లు చెప్పావు. అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు."

"వేళాకోళానికి అన్నానురా!"

"సరే. పురుగొకటి పట్టి పళ్ళెంలో వెయ్యమని పొద్దున అమ్మాయికి చెప్పాను. అదేమిటో చూసి చెప్పు, నది నీదే. చెప్పలేకపోతే మాత్రం ఇవాళ్టితో సరి."

"ఓస్, ఇంతేనా! అమ్మాయ్, ఆ భూతద్దం ఇలా ఇవ్వు. ఊఁ... మేఫ్లై పిల్లరా. మూడు తోకలు. మొప్పలు ఎలా ఆడిస్తోందో చూడు, ముద్దొస్తోంది!"

"అన్నయ్యా..."

"ఆగరా, కంగారుపెట్టకు. రెక్కల బుడిపెలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మధ్యాహ్నానికి ఎగిరిపోతుంది. ఏమంటావు, ఇంకా అనుమానమేనా?"

"అన్నయ్యా, ఇంక చాలు. పళ్ళెంలో ఉన్నవి నీళ్ళు."

"ఏమిటీ?"

"ఒట్టి నీళ్ళు. పురుగూ లేదు, పుట్రా లేదు."

"అమ్మాయ్... ఇప్పుడేగా చెప్పావు? కింద పడిందేమో, చూడవే. బల్ల కింద చూడు!"

"పడలేదు నాన్నా. నేనసలు వెయ్యలేదు. బాబాయ్, జనాన్ని నేను తీసుకెళ్తున్నాను. ఆయన ముందు మెట్టుంది, కాస్త చెయ్యి పట్టుకో."