ప్రిస్సీ బ్యానర్

బిర్సానగర్‌లో ఒక వరండా. కార్ఖానాలో ముప్పయ్యేళ్లు సేఫ్టీ బోర్డులు రాసిన పెద్దాయన కుంచె పట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం ఆటిజం ర్యాలీకి బ్యానర్ రాయించుకోడానికి పక్కింటావిడ వచ్చింది.

"ఏటి రాయమంటావమ్మా? 'జాలి చూపండి' అని రాసీనా?"

"జాలొద్దు బాబాయ్. మా పిల్ల ప్రిస్సీ మీద జాలిపడనోడు ఒక్కడే ఉన్నాడు, మాంగో పేట రూట్లో ఆటో నడిపే తివారీ."

"ఆడేటి చేత్తాడు?"

"మా పిల్ల ఎక్కే ముందు ఆటో కమ్మీలన్నీ ఒకటొకటిగా ముట్టుకోవాల. ఎనక బళ్లు హారన్లు కొడతన్నా, ఆయన ఇంజను ఆపేసి కూకుంటాడు. అలా చెయ్యమని ఎవులూ చెప్పలేదు."

"గొప్పోడే. కార్ఖానా లోపల రైలు గేటు కాడ నేను రాసీవోణ్ణి, 'ఆగండి, చూడండి, వెళ్లండి' అని. అది బాగుంటాదా?"

"'చూడండి' తీసెయ్ బాబాయ్. మా పిల్లని చూసీవోళ్లు ఇప్పటికే శానామంది ఉన్నారు."

ఆయన కుంచెని రంగులో ముంచాడు.

"అయితే 'వెళ్లండి' కూడా తీసేత్తాను. అదెవులికీ నేర్పక్కర్లేదు."

"ఇంక ఒక్క మాటే మిగిలింది కదా."

"తివారీకి ఆ ఒక్కటే సరిపోయింది గదమ్మా. బ్యానరంతా నిండీలాగ రాత్తాను."