ఈ ఏటి తీపి

ఇంగ్లండులోని డెవన్‌లో ఆపిల్ కోతలు ముగిసిన సాయంత్రం, ఆమె ఆపిల్ గానుగ కొట్టంలోకి వచ్చింది. భర్త కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని పీపాకి ఆనుకుని ఉన్నాడు.

"ఇంకో కూలీ మంచం పట్టాడు. కడుపు మెలిపెట్టేస్తోందట."

"పచ్చికాయలు మేసుంటాడు."

"మన పాలేరు ఎఫ్రాయిమ్ చెయ్యి మణికట్టు దగ్గర వాడిన తోటకూర కాడలా వాలిపోయింది."

"ముసలాడు. నన్నేం చెయ్యమంటావు?"

"కూలిలో సగం వాళ్లకి మన ఆపిల్ కల్లు, ఈ సైడరే కదయ్యా ఇస్తాం."

"మా తాత నాటినుంచీ ఇస్తున్నాం. ఈ ఏడు మరీ తియ్యగా ఉందని పాదిరిగారు ఇంకో పీపా పంపమన్నారు."

"అవే చెట్లు, అవే పుల్లకాయలు. తీపి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అతను గానుగ కింద రసం పట్టే రాతితొట్టి వైపు చూశాడు.

"రాతితొట్టి పగిలి రసం కారిపోతోందని లోపలంతా సీసం కరిగించి పోయించాను. అంతే."

"ఆ పులుపు రాత్రంతా సీసంలోనే నాని, దాన్ని కరిగించుకుని తియ్యబడుతోందన్నమాట."

"నానితే ఏమవుతుందే? నీ ఎదుటే తాగి చూపిస్తా. ఆ కూజా అందుకుని పొయ్యి."

"నీ పక్కనే ఉందిగా. నువ్వే పోసుకో."

అతను కూజా వంక చూశాడు. జేబులో చెయ్యి జేబులోనే ఉంది.

"నువ్వే పొయ్యి," అన్నాడు మెల్లగా. "పొద్దున్నుంచీ ఇది లేవడం లేదు."