ఒక్క గుండు కూడా తప్పలేదు

"పాతబడిందా? ఎవడ్రా ఆ మాటన్నది?"

పటాలం మామ అరుపుకి టీ కొట్టు అక్క చేతిలో గ్లాసు తొణికింది. అన్నది నేనే. వెల్డింగు పనివాణ్ణి. మా లైబ్రరీ హాల్లో రేపు ఒక పాత సైనిక రైఫిల్‌ని అద్దాల పెట్టెలో పెడుతున్నారు, ఆ పెట్టె కింద ఇనుప స్టాండు చేసింది నేను. అరవై ఏళ్ళుగా సైన్యంలో కొలువు చేస్తున్న ఆ రకం రైఫిల్‌కి ఇక సెలవివ్వాలా అని పొద్దున పేపర్లో రాశారు. "ఇవ్వక! కొత్తవి సగం బరువు, రెట్టింపు వేగం, ఇది పాతబడిపోయింది మామా" అన్నాను. అంతే, పైకి లేచాడు.

లేవడానికి కారణం ఉంది. రేపటి సభలో ఆ రైఫిల్ గురించి నాలుగు మాటలు చెప్పడానికి దానితో కాపురం చేసిన మనిషి కావాలని లైబ్రరీ మాస్టారు వెతుకుతున్నారు. మామ పటాలంలో పనిచేసి రిటైరై, కూతురి దగ్గరుందామని మా వీధికొచ్చాడు. ఆ అవకాశం కోసం వారం నుంచి మాస్టారి వెనకాలే తిరుగుతున్నాడు. తాతయ్య స్టేజీ ఎక్కుతున్నాడని మనవరాలు బళ్ళో అందరికీ చాటేసింది కూడా. మాస్టారికి మామ నోటి సంగతి తెలుసు కాబట్టి "చూద్దాం, చూద్దాం" అంటూ నెట్టుకొస్తున్నారు. ఆ పూట మాస్టారు టీకి వచ్చి మా బల్ల మీదే కూర్చున్నారు. ఇంక మామ ఊరుకుంటాడా.

"అల్లుడూ, నువ్వు ఇనుముని కరిగించేవాడివి, నీకు ఇనుము మర్యాద ఏం తెలుస్తుంది. కూర్చో. మాస్టారూ, మీరు బల్ల గట్టిగా పట్టుకోండి. చెల్లెమ్మా, నాకు టీలో పంచదార తగ్గించు, నేను చెప్పబోయేది తియ్యగానే ఉంటుంది. చూడండీ, నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. పటాలంలో చేరిన మొదటి రోజు. మీసాలైనా సరిగ్గా రాలేదు నాకు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేలోపు ముప్ఫై గుండ్లు. ముప్ఫైకి ముప్ఫై, నున్నగా!"

"నున్నగానా?" అన్నారు మాస్టారు.

"అంటే శుభ్రంగా అని. మాట పట్టుకుంటే ఎలాగండీ? అదే మొదలు, పటాలమంతా నా పేరు మోగిపోయింది. పులి ఎదురొచ్చినా బెదరనివాళ్ళు, చేతులు చూస్తే రోకళ్ళు, నా ముందుకొచ్చేసరికి గుటకలు మింగేవాళ్ళు. 'కదలొద్దు' అన్నానంటే ఊపిరి బిగబట్టేవాళ్ళు. మర్నాడు ఇన్‌స్పెక్షన్ ఉందంటే ఇక నా చెయ్యి ఆగేది కాదు, ఒకదాని తర్వాత ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి, వందలు! అందుకని తెల్లారకముందే లేచి పదును పెట్టుకునేవాణ్ణి."

"రైఫిల్‌కి పదునేంటి మామా?" అన్నాను.

మామ నా వైపు జాలిగా చూశాడు. "దాని మూతికి కత్తి తగిలిస్తారురా, బాయినెట్టని. మధ్యలో అడ్డొస్తే నాకు వరస తప్పుతుంది. ఎక్కడున్నాం? ఆఁ, గుండ్లు. అలా హాయిగా సాగిపోతుంటే ఒకరోజు కొత్త రైఫిల్ వచ్చింది. వచ్చిందంటే నడిచి రాలేదు, పెట్టెలో దూది పరుపు మీద పడుకుని వచ్చింది, కొత్త అల్లుడిలా. మీద దుర్భిణి, కింద బ్యాటరీ, పక్కన అదెలా పనిచేస్తుందో చెప్పే పుస్తకం. దాంతోపాటు ఒక షోకుల ఆఫీసర్. వాడు మా పాత రైఫిల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని, 'ఇది పాతబడిపోయింది, చెక్క పొయ్యిలోకీ ఇనుము పాత సామాన్లలోకీ పంపించండి' అన్నాడు. అచ్చం నువ్వన్నట్టే అన్నాడల్లుడూ. నాకు ఒళ్ళు మండిపోయింది. మా కమాండర్ గారు పెద్దమనిషి, న్యాయం తెలిసినవాడు. 'పోటీ పెడదాం, ఏది ఓడితే అది పాత సామాన్లలోకి' అన్నాడు. పటాలమంతా నా వైపు చూసింది. పాత రైఫిళ్ళన్నిటి ప్రాణం నా ఒక్కడి వేలు మీద ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గెలిచావు" అంది అక్క, గ్లాసులు కడుగుతూ.

"తొందరపడకు చెల్లెమ్మా, గెలవడానికి ఇంకా చాలా దారుంది. ఎదురుగా కొండ మీద రెండు లాంతర్లు పక్కపక్కన వేలాడదీశారు. షోకులవాడు దుర్భిణిలోంచి చూసి, పుస్తకం తిరగేసి, పేల్చాడు. ఫెళ్ళుమని వాడి లాంతరు అద్దం పగిలింది. అందరూ చప్పట్లు. అద్దం పగలగొట్టడం ఒక విద్యా? మా ఇంట్లో పిల్లి రోజూ చేస్తుంది. నేను పాత రైఫిల్ మడమ భుజానికి ఆనించి, దాని చెవిలో 'పరువు నిలబెట్టవే తల్లీ' అని పేల్చాను. అద్దం అద్దంలాగే ఉంది, లోపల దీపం ఆరిపోయింది!"

"అద్దం పగలకుండా గుండు లోపలికెలా వెళ్ళిందయ్యా?"

"పైనుంచి, మాస్టారూ! లాంతరుకి పైన పొగ పోయే కన్నం ఉండదూ? అందులోంచి దిగింది. వచ్చేటప్పుడు మసి కూడా అంటించుకోలేదు. అంతలో కమాండర్ గారు, 'దీపం ఆర్పేశావు, మరి కొండ మీదున్న మనవాళ్ళు దిగేదెలా?' అన్నాడు. దానికేం భాగ్యం అని ఇంకొకటి పేల్చాను. అది వత్తిని రాసుకుంటూ వెళ్ళింది చూడండి, అగ్గిపుల్ల గీసినట్టు మళ్ళీ వెలిగింది!"

నాకు టీ ముక్కులోకి పోయింది. మాస్టారు వీపు తట్టారు. మూల బల్ల మీద ఎవరో పెద్దాయన, చెవులదాకా ఉన్ని టోపీ లాక్కుని, పక్కన చిన్న పెట్టె పెట్టుకుని టీ తాగుతున్నాడు. సాయంత్రం బస్సు దిగిన మనిషిలా ఉన్నాడు. ఆయన భుజాలు కూడా కదులుతున్నాయి. కొత్త శ్రోత దొరికాడని మామకి ఇంకా హుషారెక్కింది.

"మీరూ ఇటు జరగండి సార్, దూరంగా ఉంటే సగం జారిపోతుంది. అలా రెండో పోటీ. దూరం పోటీ. షోకులవాడు ముందు పేల్చాడు. నేను తొందరపడలేదు. గ్లాసులో టీ ఉంటే తాగాను, గ్లాసు కడిగి బోర్లించాను, అప్పుడు పేల్చాను. కొండ దాటగానే నా గుండు వాడి గుండుని అందుకుంది. వాడిది ఆయాసపడుతోంది పాపం. నాది కాస్త పక్కకి జరిగి, 'తప్పుకో తమ్ముడూ' అని ముందుకెళ్ళిపోయింది. కొండ అవతల ఎదుటి సైన్యం. అక్కడ ఒక కాపలావాడు నిలబడ్డాడు. వాడి మీసం చూసి నా మనసు చివుక్కుమంది. ఎడమ పక్క కిందికీ కుడి పక్క పైకీ! మనిషి పుట్టుక పుట్టి అలా తిరగొచ్చా?"

"కొండ అవతలున్న మీసం నీకెలా కనపడింది మామా?"

"దుర్భిణి కొత్త రైఫిల్‌కి కావాలిరా. పాతదానికి మనసుంటే చాలు. ఆ గుండు తిన్నగా వెళ్ళి ఎడమ మీసం కత్తిరించింది. అక్కడితో ఆగిందా? మెడ వెనక్కి తిరిగి, అక్కడ ఎగుడుదిగుడుగా ఉంటే చదును చేసి, చెవి పక్క జుట్టు సర్ది, ఇటొచ్చి కుడి మీసం కూడా సమానం చేసింది. వాడు జేబులోంచి అద్దం తీసి చూసుకున్నాడు. ఇటు తిరిగి వాడు, శత్రువు, సెల్యూట్ కొట్టాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడి అందం చూసి మిగతావాళ్ళు ఆగుతారా? ఎదుటి సైన్యం మొత్తం తుపాకులు కిందపెట్టి, టోపీలు తీసి, వరసగా నిలబడింది, మా తల కూడా కాస్త చూడమని! ఒక్క రైఫిల్‌తో యుద్ధం ఆగిపోయింది మాస్టారూ!"

"మరి గుండేమైంది?" అన్నారు మాస్టారు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎక్కడికి పోతుంది? ఇంటికొచ్చింది. గొట్టంలోకి దూరి పడుకుంది. అందుకే చెప్తున్నా, అరవై ఏళ్ళనుంచీ ఆ రైఫిల్ ఆ ఒక్క గుండుతోనే నెట్టుకొస్తోంది. అది పాతబడుతుందా? అప్పుడు మా కమాండర్ గారు వచ్చాడు. అంతటివాడు, ఆయన కనుబొమ్మ ఎగరేస్తే పటాలం గజగజలాడేది, అలాంటివాడు నా ముందు టోపీ తీశాడు. కూర్చుని తల వంచాడు. 'ఇక ఈ తల నీ చేతిలో పెడుతున్నాను' అన్నాడు. నా ఉద్యోగం మొత్తం మీద వేలకి వేల గుండ్లు మాస్టారూ! ఒక్క గుండు కూడా తప్పలేదు!"

"ఒకటి తప్పింది."

ఆ మాట మూల బల్ల మీంచి వచ్చింది. పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా ఉన్ని టోపీ తీశాడు. ఎడమ చెవి పై అంచున చిన్న గాటు. ఎలుక కొరికిన బిస్కట్‌లా కాస్త ముక్క లేదు.

"పరేడుకి ముందు రోజు" అన్నాడాయన. "పటాలం క్షవరం డేరాలో. మూడో కుర్చీ."

మామ లేచి నిలబడ్డాడు. మడమలు టక్కుమన్నాయి, కుడి చెయ్యి నుదుటికి వెళ్ళింది. ఆ చేతిలో టీ గ్లాసుంది. టీ అంతా చొక్కా మీద పడింది.

"కమాండర్ సార్!"

రేపటి ముఖ్య అతిథిగా రిటైరైన పెద్ద ఆఫీసరెవరో వస్తున్నారని, తనూ ఇంకా చూడలేదని మాస్టారు చెప్పిన మాట నాకప్పుడు గుర్తొచ్చింది. నున్నగా ముప్ఫై, కదలొద్దు, పదును, సమానంగా మీసం, అన్నీ వరసగా బుర్రలో తిరుగుతున్నాయి. నాకంటే ముందు అక్కకి వెలిగింది.

"అన్నయ్యా! గుండ్లంటే ఆ గుండ్లా!"

కొట్టు కొట్టంతా గొల్లుమంది. అక్క గ్లాసులు వదిలేసి పొయ్యి గట్టు పట్టుకుంది. నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెట్టాయి. అప్పుడు మామ మొహం చూశాను. నవ్వబోతున్నాడు గానీ పెదవులు సహకరించట్లేదు. చొక్కా మీద టీ మరక రుద్దుకుంటూ మాస్టారి వైపు చూసి, "పిల్ల బళ్ళో చెప్పేసిందండీ" అన్నాడు చిన్నగా. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది.

కమాండర్ గారు వచ్చి మామ పక్కనే కూర్చున్నారు. "ఈయన ముందు నేను తల వంచిన మాట నిజమే. పదిహేను రోజులకోసారి వంచేవాణ్ణి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇంటి మీద బెంగతో అన్నం మానేస్తే ఈయన కుర్చీలోకి పంపేవాణ్ణి. జుట్టు కత్తిరిస్తూ ఇలాంటివే ఏవో చెప్పేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ లేచి తిన్నగా భోజనానికి వెళ్ళేవాళ్ళు. మాస్టారూ, ఆ రైఫిల్ పాతబడిందా అంటే పడిందనే అంటాను. మోసి మోసి నా భుజమే ఒక పక్కకి వంగింది. ఈయన కోతలు మాత్రం, కత్తివైనా నోటివైనా, ఇంకా కొత్తగానే ఉన్నాయి. రేపు రైఫిల్ గురించి నేను మాట్లాడితే జనం నిద్రపోతారు. ఈయన్ని ఎక్కించండి, నేను కింద కూర్చుని వింటాను."

మాస్టారు "చూద్దాం" అనలేదు. "పది గంటలకల్లా వచ్చెయ్యవయ్యా, చొక్కా మార్చుకుని" అన్నారు.

మామ ఛాతీ మళ్ళీ ఉబ్బింది. అది ఉబ్బడం చూసి మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

కమాండర్ గారు గడ్డం తడుముకున్నారు. "సభకి ముందు ఇది గీయించుకోవాలి. ఆ రోజుల నాటి కత్తి ఉందా, నువ్వు కూడా కరెంటు మిషను కొన్నావా?"

"మిషనా? రామరామ! అదే కత్తి సార్. పాతబడటం దానికి ఇంటా వంటా లేదు."

"మరి నా చెవి సంగతి?"

మామ ఒక్క క్షణం ఆ గాటు వైపు చూశాడు. తర్వాత మా అందరి వైపూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అది తప్పడం కాదు సార్. మీరు కదిలారు. రేపు మాత్రం కదలకండి."